సాధనకు వేషం అవసరమా?

మైలాపూరులో ఉండేవాళ్ళకి సాధన అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున కపాలీశ్వరస్వామి గుడి చుట్టూ మాడవీధుల్లో ఒకసారి నడిచి చూడండి. ఒక ఇంట్లోంచి సరళీస్వరాలు, పక్కింట్లోంచి మృదంగం, ఇంకో మేడ మీదినుంచి తాళం చప్పుడు వినిపిస్తూ ఉంటాయి. వాళ్ళెవరూ పట్టుచీరలు కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని సాధన చెయ్యరు. ఒంటిమీద ఏ బట్టలుంటే వాటితోనే కూర్చుంటారు. ముస్తాబంతా సభలో కచేరీ రోజుకే. ఇందులో ఎవరికీ సందేహం రాదు.

మా ఇంట్లో మాత్రం ఈ సంవత్సరం ఆ సందేహం వచ్చింది. అయితే అది సంగీతం గురించో నాట్యం గురించో కాదు, విమానం నడపడం గురించి. పైలట్లు సిమ్యులేటర్‌లో శిక్షణకు వెళ్ళినప్పుడు యూనిఫాం వేసుకోవాలా, అక్కరలేదా అన్నది ప్రశ్న. వినడానికి చాలా చిన్న విషయం. కానీ తవ్వినకొద్దీ అది మన పిల్లల పెంపకం దాకా వచ్చింది. అందుకే మన పత్రిక పాఠకులతో పంచుకుందామనిపించింది.

ముందు మా ఇంటి సంగతి రెండు మాటల్లో చెబుతాను. నేను ఇరవై అయిదేళ్ళుగా ఇక్కడి పిల్లలకి కూచిపూడి నేర్పుతున్నాను. మా అమ్మాయి ఒక విమాన సంస్థలో కో-పైలట్. వాళ్ళ భాషలో ఫస్ట్ ఆఫీసర్. మా మామగారు నెల్లూరు జిల్లాలో హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరై మా దగ్గరే ఉంటున్నారు. మా అమ్మాయి మామూలు ప్యాంటు, కాలరు చొక్కా వేసుకుని సిమ్యులేటర్ పరీక్షకు బయల్దేరుతుంటే చూసి, "ఏమ్మా, పరీక్షకు వెళ్తూ యూనిఫాం వేసుకోలేదేం?" అన్నారాయన. "అక్కరలేదు తాతయ్యా. కొన్ని కంపెనీల్లో వేసుకోమంటారు, కొన్నిచోట్ల మన ఇష్టం. మా వాళ్ళు ఇలా చాలన్నారు" అంది. ఆయనకి ఆ జవాబు నచ్చలేదు. "పరీక్ష పరీక్షే కదా! బడిపిల్లవాడు కూడా పరీక్షకి ఇస్త్రీ బట్టలు వేసుకుని వస్తాడు. బట్ట సరిగ్గా ఉంటే మనిషి సరిగ్గా కూర్చుంటాడు" అన్నారు. అలా మొదలైన చర్చ వారం రోజులు నడిచింది.

సిమ్యులేటర్ అంటే ఏమిటి?

చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఒక పెద్ద హాల్లో ఆరు కాళ్ళ మీద నిలబెట్టిన తెల్లని గదిని ఊహించుకోండి. బయటినుంచి చూస్తే విమానంలా ఉండదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటే మాత్రం అచ్చంగా విమానం ముందుభాగమే. ప్రతి మీటా, ప్రతి దీపమూ అసలు విమానంలో ఎక్కడుంటాయో ఇక్కడా అక్కడే ఉంటాయి. కిటికీలోంచి రన్‌వే, మేఘాలు, ఊరి దీపాలు కనిపిస్తాయి. ఆ ఆరు కాళ్ళు పొడుగవుతూ పొట్టవుతూ గదిని అటూ ఇటూ వంచుతుంటే, లోపల ఉన్నవాళ్ళకి నిజంగా ఎగురుతున్నట్టే ఉంటుంది.

వెనక కుర్చీలో శిక్షకుడు కూర్చుంటాడు. ఆయన చేతిలో ఒక తెర. దాన్ని తాకితే ఇంజనుకు నిప్పంటుకుంటుంది, పొగమంచు కమ్ముకుంటుంది, చక్రాలు బయటికి రావు. మన జీవితకాలంలో ఒక్కసారి కూడా రాకూడని కష్టాలన్నీ ఒక్క పూటలో వస్తాయి. మామూలుగా నాలుగు గంటల కార్యక్రమం. ఇద్దరు పైలట్లు, చెరో రెండు గంటలు. ముందు పాఠం, తరవాత తప్పొప్పుల విచారణ. ఈ యంత్రాల ఖరీదు పదుల కోట్లలో ఉంటుంది కాబట్టి వాటిని ఖాళీగా ఉంచరు. రాత్రి రెండు గంటలకి కూడా ఎవరో ఒకరికి పరీక్ష జరుగుతూనే ఉంటుంది. మన దేశంలో ప్రతి ఎయిర్‌లైన్ పైలటూ ఏడాదికి రెండుసార్లు ఈ పరీక్ష గట్టెక్కాలి. గట్టెక్కకపోతే మళ్ళీ శిక్షణ పొంది నెగ్గేదాకా విమానం ఎక్కనివ్వరు. అందువల్ల ఆ వారం మా ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడం.

ఈ యంత్రానికి మూలపురుషుడు ఎడ్విన్ లింక్ అనే అమెరికన్. ఆయన తండ్రికి న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్టన్ ఊళ్ళో పియానోలు, ఆర్గన్ వాద్యాలు తయారుచేసే కర్మాగారం ఉండేది. ఆర్గన్‌లో గాలి ఊదే తిత్తులనే వాడుకుని, నేలమీదే ఊగే చిన్న బొమ్మ విమానాన్ని 1929లో తయారుచేశాడు. మొదట్లో అది సంతల్లో పిల్లలు ఎక్కే ఆటవస్తువులా కూడా అమ్ముడుపోయింది. 1934లో అమెరికా సైన్యం టపా మోసే పని నెత్తిన వేసుకుని, చెడు వాతావరణంలో కొద్ది వారాల్లోనే పన్నెండుమంది దాకా పైలట్లను పోగొట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది ఆ బొమ్మ. సైన్యం ఆరు కొనుక్కుంది. ఒక వాద్యం తయారుచేసే చోట పుట్టిందంటే, సాధన అన్న మాటకీ ఈ యంత్రానికీ చుట్టరికం మొదటినుంచీ ఉందన్నమాట.

నాలుగు గీతల కథ

మరి యూనిఫాం ఎక్కడినుంచి వచ్చింది? తొలిరోజుల్లో పైలట్లు తోలు కోటు, తోలు టోపీ, కళ్ళకి గాలి తగలకుండా పెద్ద అద్దాలు పెట్టుకునేవారు. విమానానికి పైకప్పు లేదు కాబట్టి ఆ వేషం అవసరానికి పుట్టింది. 1930లలో అమెరికాకి చెందిన పాన్ యామ్ సంస్థ సముద్రాల మీద నీటివిమానాలు నడపడం మొదలుపెట్టినప్పుడు, పైలట్లకి ఓడ అధికారుల్లాగా నల్లకోటు, బంగారు గీతలు పెట్టింది. గాల్లో ప్రయాణం అంటే జనానికి హడలుగా ఉన్న రోజులవి. ఓడ కెప్టెన్‌ని చూస్తే కలిగే ధైర్యం విమానం కెప్టెన్‌ని చూసినా కలగాలని వాళ్ళ ఉద్దేశం. ఆ పద్ధతే ప్రపంచమంతా పాకింది. కెప్టెన్‌కి నాలుగు గీతలు, ఫస్ట్ ఆఫీసర్‌కి మూడు.

అంటే తోలు కోటు పైలట్ ఒంటి కోసం పుట్టింది. నల్లకోటు ప్రయాణికుడి కంటి కోసం పుట్టింది. ఇప్పటికీ అంతే. 2023 డిసెంబరులో ఎయిర్ ఇండియా తన సిబ్బందికి మనీష్ మల్హోత్రా చేత కొత్త దుస్తులు రూపొందింపజేసి, వాటిని ఎంత సంబరంగా లోకానికి చూపించిందో మీకు గుర్తుండే ఉంటుంది. సిమ్యులేటర్‌లో ప్రయాణికులు లేరు. మరి చూసేవాళ్ళు లేనిచోట వేషం దేనికి? ఇది మా అమ్మాయి వాదన.

మామగారు ఊరుకోలేదు. వేషం చూసేవాళ్ళ కోసమే కాదు, వేసుకున్నవాళ్ళ మనసుని కూడా మారుస్తుందన్నారు. దీనికి కొంత ఆధారం ఉన్నట్టే ఉంది. 2012లో అమెరికాలో హాయో ఆడమ్, ఆడమ్ గలిన్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. తెల్లకోటు ఇచ్చి "ఇది డాక్టరు కోటు" అని చెబితే, వేసుకున్నవాళ్ళ ఏకాగ్రత పెరిగిందట. అదే కోటుని "చిత్రకారుడి కోటు" అంటే పెరగలేదట. మామగారు ఈ సంగతి విని ఎంతో సంతోషించారు. కానీ 2019లో ఇంకొందరు ఆ ప్రయోగాల్లో మొదటిదాన్ని ఎక్కువమందితో మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి బట్ట మనసుని మారుస్తుందన్న మాటని పూర్తిగా కొట్టెయ్యలేం, దానిమీదే ఇల్లు కట్టుకోనూ లేం.

కూచిపూడి చెప్పే జవాబు

ఈ ఇద్దరి మధ్యా నన్ను తీర్పరిగా కూర్చోబెట్టారు. నాకు తెలిసిన శాస్త్రం ఒక్కటే కాబట్టి నేను దాన్నే ఆశ్రయించాను.

మన నాట్యంలో అభినయం నాలుగు విధాలు. అవయవాలతో చేసేది ఆంగికం, నోటితో చెప్పేది వాచికం, వేషభూషలు ఆహార్యం, మనసులోంచి పుట్టేది సాత్త్వికం. పైలట్ యూనిఫాం ఆహార్యం. సిమ్యులేటర్‌లో పరీక్షించేది తక్కిన మూడూ. చెయ్యి సరైన మీట మీదికి వెళ్ళిందా, నోరు సరైన మాట పలికిందా, గుండె నిలకడగా ఉందా అన్నవే అక్కడ చూస్తారు.

అలాగని ఆహార్యాన్ని చిన్నచూపు చూడటం మన సంప్రదాయంలో లేదు. వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామ వేషంలో రంగం మీదికి వస్తే ఆయన పురుషుడన్న సంగతి ప్రేక్షకులు మరిచిపోయేవారు. వేషానికి ఆ శక్తి ఉంది. కానీ ఆ వేషం వెనక ఏళ్ళ తరబడి, ఏ వేషమూ లేకుండా చేసిన సాధన ఉంది. వెంపటి చినసత్యంగారు 1963లో ఈ మద్రాసులోనే కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. అక్కడినుంచి వచ్చిన శిష్యులు ఈ ఊరికి కొత్తవాళ్ళేం కాదు. అడుగులు, జతులు అన్నీ నూలుచీరల్లోనే కుదురుతాయి. నగలు తరవాతి మాట.

అయితే అన్నిటినీ తరవాతికి వదలం. గజ్జెలనే తీసుకోండి. మొదట్లో పిల్లలకి కట్టం. అడుగు కుదిరిన తరవాత కడతాం. ఒకసారి కట్టాక మాత్రం వాటితో సాధన చెయ్యాల్సిందే. ఎందుకంటే చీలమండ మీద ఆ బరువు పడితే అడుగు మారిపోతుంది. తరంగం చేసే పిల్ల ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడాలి, కొందరు తలమీద నీళ్ళ చెంబు కూడా పెట్టుకుంటారు. పళ్ళెం లేకుండా నేలమీద నేర్చుకుని, కచేరీనాడు పళ్ళెం ఎక్కుతానంటే పడిపోతుంది. భామాకలాపంలో సత్యభామ జడ ఉంది. అంత పొడుగు జడ వీపున ఉంటే మెడ తిప్పే తీరే వేరు. దాన్ని ముందే అలవాటు చేసుకోవాలి. హారాలు, ముక్కుపుడక, పెదాల రంగు ఆఖరున వచ్చినా నష్టం లేదు.

కాబట్టి నేను పాటించే నియమం ఇది: ప్రేక్షకుడి కంటికి సంబంధించింది తరవాత వచ్చినా ఫరవాలేదు. కాలికీ చేతికీ తగిలేది మాత్రం సాధనలోనే ఉండాలి.

ఈ నియమాన్ని సిమ్యులేటర్‌కి వర్తింపజేసి చూస్తే, మా అమ్మాయి తనకి తెలియకుండానే దాన్ని పాటిస్తోందని తేలింది. చొక్కా ఏదైనా సరే, డ్యూటీ బూట్లు మాత్రం మానదు. విమానం పైకి లేచే సమయంలో ఒక ఇంజను ఆగిపోతే విమానం ఒక పక్కకి లాగుతుంది. రెండో పక్క పెడల్‌ని పాదంతో గట్టిగా, కొలతగా తొక్కి పట్టాలి. ఆ కొలత అరికాలికి తెలియాలి. వేరే చెప్పులతో నేర్చుకున్న కొలత రేపు బూట్లలో పనికిరాదు. అలాగే ఆక్సిజన్ మాస్కు. అది ఒక్క చేత్తో, అయిదు సెకన్లలో మొహానికి తగిలించుకోగలిగేలా ఉండాలని నిబంధన. దాని పట్టీ గాలి నిండి ఉబ్బి, తల వెనక్కి వెళ్ళి బిగుసుకుంటుంది. మా అమ్మాయికి నడుము దాటిన జడ. దాన్ని ముడి ఎంత ఎత్తున వేస్తే పట్టీకి అడ్డం రాదో సిమ్యులేటర్‌లోనే కనిపెట్టింది. కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళకి ఆ అద్దాల మీదుగా మాస్కు వేసుకోవడం ఇంకో సాధన. అన్నట్టు, అలాంటివాళ్ళు రెండో జత అద్దాలు దగ్గర ఉంచుకునే విమానం నడపాలట. సీటు బెల్టులు, చెవులకి పెట్టుకునే హెడ్‌సెట్టు కూడా ఈ కోవలోవే.

అంతరిక్షయాత్రికుల చరిత్ర కూడా ఇదే చెబుతోంది. 1966 జూన్‌లో జెమినీ-9 నుంచి బయటికి వచ్చిన యూజీన్ సెర్నాన్, బిగుసుకుపోయిన ఆ దుస్తులతో పెనుగులాడి అలిసిపోయాడు. అదే ఏడాది నవంబరులో జెమినీ-12లో వెళ్ళిన బజ్ ఆల్డ్రిన్ ముందుగా నీళ్ళలో మునిగి అభ్యాసం చేసి వెళ్ళాడు. పని సాఫీగా జరిగింది. అప్పటినుంచీ నాసాలో అదే ఆనవాయితీ. హైదరాబాదునుంచి అమెరికా వెళ్ళిన తండ్రికి పుట్టిన రాజాచారి 2022 మార్చిలో అంతరిక్షంలో నడిచారు. నాసాలో అలా బయటికి వెళ్ళేవాళ్ళు ముందు హూస్టన్‌లోని పెద్ద కొలనులో, బరువైన దుస్తులు తొడుక్కునే గంటల తరబడి అభ్యాసం చేస్తారు. అక్కడ దుస్తులు అలంకారం కాదు, పనిముట్టు.

ఇంతవరకూ తీర్పు సులువే. బూట్లు వేసుకో, జడ ముడి వేసుకో, గీతలు ఇంట్లో పెట్టు. కానీ మిగిలినదల్లా ఆ గీతల దగ్గరే ఉంది.

గొంతు పెగలని క్షణం

1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనరీఫ్‌లో, పొగమంచులో, రెండు జంబో జెట్లు ఒకే రన్‌వే మీద ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో అంతకు మించిన ప్రమాదం జరగలేదు. అనుమతి లేకుండా బయల్దేరిన కేఎల్ఎమ్ విమానం కెప్టెన్ అనుభవం లేనివాడు కాదు. ఆ సంస్థలో 747 శిక్షణకి ఆయనే అధిపతి, యాకబ్ వాన్ జాంటెన్. ఎన్నో ఏళ్ళుగా సిమ్యులేటర్‌లో ఇతరులకి నేర్పుతున్నవాడు. పక్కన కూర్చున్న కో-పైలట్‌కి 747 అర్హత పరీక్ష చేసింది కూడా, అంతకు సుమారు రెండు నెలల ముందు, ఆయనే.

ఆ కాక్‌పిట్‌లో ఏం జరిగిందో చూడండి. కెప్టెన్ మొదటిసారి ఇంజన్ల వేగం పెంచబోతే, "ఆగండి, మనకింకా అనుమతి రాలేదు" అన్నాడు కో-పైలట్. కెప్టెన్ ఆగాడు. రెండోసారి మళ్ళీ అనుమతి రాకుండానే వేగం పెంచితే, కో-పైలట్ అడ్డు చెప్పలేదు. ఎదురు విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీరుకి అనుమానం వచ్చి అడిగాడు. "ఆఁ, వెళ్ళిపోయింది" అని కెప్టెన్ గట్టిగా అనేసరికి ఆయనా ఊరుకున్నాడు. కొద్ది క్షణాల్లో అంతా అయిపోయింది.

దర్యాప్తులో ఇంకో సంగతి చర్చకు వచ్చింది. సిమ్యులేటర్‌లో శిక్షకుడే అన్నీ అయి కూర్చుంటాడు. కంట్రోల్ టవరు అనుమతి కోసం అక్కడ ఎదురుచూసే పని తరచు ఉండదు. అన్నేళ్ళు ఆ గదిలో గడిపిన మనిషికి ఆ అలవాటే వచ్చిందేమోనన్నారు. ఇది గమనించదగ్గ మాట. సాధనలో ఏది వదిలేస్తామో, అదే అసలు సమయంలో మన చెయ్యి జారుతుంది. ఆయన సాధనలో లోపించింది యూనిఫాం కాదు, ఎదుటి గొంతు కోసం ఆగే అలవాటు.

మనకి దగ్గరలో జరిగింది చెప్పాలంటే 2010 మే 22. దుబాయినుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగుళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో ఎనిమిదిమందే బతికారు. దిగవద్దు, మళ్ళీ పైకి లేపుదామని, "గో అరౌండ్" అని కో-పైలట్ మూడుసార్లు చెప్పినా కెప్టెన్ దింపడానికే సిద్ధపడ్డాడని విచారణలో తేలింది. ఇక్కడ గొంతు పెగిలింది కానీ చెయ్యి కదలలేదు.

ఇలాంటి ప్రమాదాలు చూశాకే 1979లో నాసా ఒక సదస్సు పెట్టింది. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఒక కొత్త శిక్షణ మొదలుపెట్టింది. కెప్టెన్‌కి వినడం నేర్పాలి, కో-పైలట్‌కి చెప్పడం నేర్పాలి అన్నది దాని సారాంశం. ఇప్పుడది మన దేశంలో కూడా తప్పనిసరి. ఒకసారి హెచ్చరించు, జవాబు లేకపోతే ఇంకోసారి హెచ్చరించు, అప్పటికీ జవాబు లేకపోతే "ఐ హావ్ కంట్రోల్" అని చెప్పి విమానం నువ్వే తీసుకో అంటారు.

తాతయ్య గెలిచిన చోటు

మా అమ్మాయికి కూడా ఈ అభ్యాసం చేయించారు. శిక్షకుడు ముందే కెప్టెన్‌ చెవిలో, "మీరు రన్‌వే దగ్గరికి వచ్చాక ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోండి" అని చెప్పాడట. ఈ పిల్లకి తెలియదు. వేగం తగ్గిపోతోంది. ఒకసారి చెప్పింది, జవాబు లేదు. రెండోసారి చెప్పింది, లేదు. మూడోసారి విమానం తను తీసుకుంది. "చెయ్యి వెళ్ళడం కష్టం కాదమ్మా. అంతకుముందు నోరు పెగలడమే కష్టం. ఆయనకి మా నాన్న వయసు" అంది ఇంటికి వచ్చాక. తరవాత నవ్వుతూ, "నయం, ఆ రోజు ఆయన గళ్ళ చొక్కాలో ఉన్నారు. బాబాయిలా కనిపించారు. నాలుగు గీతలుంటే ఇంకో రెండు సెకన్లు ఆలస్యం చేసేదాన్నేమో" అంది. యూనిఫాం వద్దనడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తోచలేదు.

కానీ మామగారు తాపీగా ఒక మాట అన్నారు. "అసలు విమానంలో ఆయన గళ్ళ చొక్కా వేసుకురాడు కదమ్మా! నాలుగు గీతలు కళ్ళకి కనిపిస్తుండగా కూడా నీ నోరు పెగలాలి. ఆ సాధన మరెక్కడ చేస్తావు?"

మేమిద్దరం మాట్లాడలేకపోయాం. నా నియమం ప్రకారమే చూస్తే, ఆ గీతలు కంటికి మాత్రమే సంబంధించినవి కావు. అవి గొంతుకి తగులుతాయి. అలాంటప్పుడు వాటిని సాధనలో ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కోవలసిందే.

చివరికి మా ముగ్గురికీ నచ్చిన పరిష్కారం మళ్ళీ నాట్యంలోంచే దొరికింది. మేం రోజూ నూలుచీరలో సాధన చేయిస్తాం. ప్రదర్శనకి వారం ముందు ఒక రోజు పూర్తి ఆహార్యంతో, నగలతో, జడతో, ఎక్కడా ఆపకుండా మొదటినుంచి చివరిదాకా చేయిస్తాం. పైలట్ల శిక్షణలో కూడా అలాంటిది ఉంది. ఒక ఊరినుంచి ఇంకో ఊరికి నిజంగా వెళ్తున్నట్టే కాగితాలు చూసుకోవడం మొదలుకుని విమానం ఆపేదాకా, శిక్షకుడు మధ్యలో కల్పించుకోకుండా నడిపించే శిక్షణ. దాన్ని లాఫ్ట్ అంటారట. విడివిడిగా కష్టాలు నేర్పే రోజుల్లో గీతలు వద్దు. తప్పు చెయ్యడానికీ, అడగడానికీ, పెద్దవాణ్ణి ఆపడానికీ భయం లేకుండా ఉండాలి. పూర్తి ప్రయాణం చేసే రోజున మాత్రం ఇద్దరూ యూనిఫాంలో, గీతలతో కూర్చోవాలి. కొత్తవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. మా ఇంటి తీర్పు ఏ కంపెనీకీ చట్టం కాదు. కానీ దీనికి ఖర్చేమీ లేదు కదా.

మన ఇళ్ళలో సంగతి

ఈ చర్చ అయ్యాక నాకు మన ఇళ్ళు గుర్తొచ్చాయి. పెద్దల మాటకి ఎదురు చెప్పకూడదని మనం పిల్లలకి నేర్పుతాం. పరాయి రాష్ట్రాల్లో, పరాయి దేశాల్లో ఉన్న తెలుగువాళ్ళం ఇంకొంచెం ఎక్కువే నేర్పుతాం, మన మర్యాద మన పిల్లలకి పోకూడదని. అది మంచిదే. కానీ అదే పిల్లలు రేపు విమానంలో, ఆపరేషన్ థియేటర్లో, కర్మాగారంలో తమకంటే పెద్దవాళ్ళ పక్కన నిలబడతారు. అక్కడ మర్యాద పేరుతో మౌనంగా ఉంటే ప్రాణాలు పోతాయి. ఎదురు చెప్పడం వేరు, హెచ్చరించడం వేరు. ఆ తేడా పిల్లలకి ఇంట్లోనే తెలియాలి.

విజయవాడలో పెరిగిన ఆనీ దివ్య రాయ్‌బరేలీలో విమానం నడపడం నేర్చుకుని, 2017 నాటికి ముప్పై ఏళ్ళకే బోయింగ్ 777 కమాండర్ అయ్యారు. మొదట్లో ఇంగ్లీషు మాట్లాడటానికి చాలా ఇబ్బంది పడ్డానని ఆవిడే ఇంటర్వ్యూల్లో చెప్పారు. మన ఆడపిల్లలకి తెలివి కొరత కాదు, ధైర్యం కొరతా కాదు. ఆ ధైర్యాన్ని గొంతులోకి తెచ్చుకునే అభ్యాసం కావాలి.

నా తరగతిలో ఈ మధ్య ఒక పద్ధతి పెట్టాను. అప్పుడప్పుడూ కావాలని జతిలో ఒక అడుగు తప్పు వేస్తాను. మొదటి వారం అందరూ చూశారు, ఎవరూ నోరు విప్పలేదు. రెండో వారం ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడో వారం తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి చెయ్యెత్తి, "టీచర్, అక్కడ ఎడమ కాలు రావాలి కదండీ" అంది. ఎంత మర్యాదగా చెప్పిందో, అంత స్పష్టంగా చెప్పింది. ఆ పిల్లకి ఆ రోజు నట్టువాంగం తాళాలు చేతికిచ్చి, తక్కిన తరగతి తననే నడపమన్నాను.

మీ ఇళ్ళలో కూడా ఇలాంటిది ఒకటి మొదలుపెట్టి చూడండి. లెక్కలోనో, దారి చెప్పడంలోనో, వంటలో ఉప్పు వేయడంలోనో ఒక చిన్న తప్పు కావాలని చెయ్యండి. పిల్లలు కనిపెట్టి చెబితే కసురుకోకండి, నవ్వి దాటెయ్యకండి. "బాగా చెప్పావు" అని దిద్దుకోండి. మీ పిల్లలు పనిచేసే చోట ఇలాంటి శిక్షణలు ఉంటే, అక్కడ ఏం నేర్పుతున్నారో వచ్చే సంచికకి రాసి పంపండి. మిగతా తల్లిదండ్రులకి పనికొస్తుంది.